బయట పెట్టిన చుక్క

జనగామ కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడం కల్లును పులియబెట్టే ఈస్ట్ కణాలను మైక్రోస్కోపులో చూపించడానికి కల్లు తెప్పించేవారు. "మేడం, మాకు జర మిగులుస్తరా?" అని వెనక బెంచీవాళ్లంటే తనూ నవ్వేవారు. బోర్డు మీద గుండ్రంగా కణం గీసి, అందులో గింజంత మైటోకాండ్రియా, దాని లోపల ఎర్ర సుద్దతో చుక్క పెట్టేవారు. "గీ ఎంజైమ్ ఈడుంటెనే కణం బతుకుతది. బయటుంటే, ఉన్నా లేనట్టే."

పెళ్లయ్యాక ఆమెతో ఉద్యోగం మాన్పించారని విన్నాను. ఏళ్ల తర్వాత భూపాలపల్లి దవాఖానలో, జ్వరంతో ఉన్న నా బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే పక్కనే కనిపించారు.

"మళ్లీ పాఠం చెప్పొచ్చు కద మేడం?" అన్నాను.

"ఇంట్ల ఒప్పుకోరమ్మా" అంటూ బల్ల మీది దుమ్ములో వేలితో గుండ్రం గీసి, చుక్క బయట పెట్టారు. దాన్ని లోపలికి జరపాలని నేను చెయ్యి చాపేలోపే కొంగుతో తుడిచేశారు.