దుబాసీ కూతురు

మొన్న మందుల షాపులో స్పిరిట్ వాసన తగలగానే నా నాలుక పిడచకట్టుకుపోయింది. అరవై దాటినదాన్ని, నరసన్నపేటలో మా ఇంటి ఎదుటి డాక్టరుగారి గదిలో పదకొండేళ్ల పిల్లనై నిలబడ్డాను.

ఆయన గుంటూరు వైపు మనిషి. ఒడియా ముక్క రాదు. సరిహద్దు అవతలి నుంచి బస్సెక్కి వచ్చే రోగులకు మా అమ్మే దుబాసీ, ఆమె పుట్టిల్లు అటువైపే కనుక. ఎండలు ముదిరే ఆ రోజుల్లో వీధి వీధంతా చింతపండు పుల్లవాసన; అమ్మ డాక్టరుగారి వరండాలో కూర్చుని, ఒళ్లో చేటతో పిక్కలు తీస్తూనే, ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించేది. చెయ్యి ఆగేది కాదు. అదేం పెద్ద పనని నేననుకునేదాన్ని.

ఓ సంతరోజు అమ్మ ఇంట్లో లేదు. కళ్లు తెరవని పసివాణ్ణి ఎత్తుకుని ఓ కోడలు, ఆమె వెనక అత్తగారు వచ్చారు. అమ్మ దగ్గర ఒడియా నేర్చినదాన్నని డాక్టరుగారు నన్ను పిలిచారు. ఎగిరి గంతేసి వెళ్లాను. రెండు మాటలకే చెమట పట్టింది. ఒక మాటకు తెలుగు వెతుక్కునేలోపు తరవాతి మాట జారిపోయేది, ఎవరి ముఖమూ చూసే తీరిక లేదు.

"బిడ్డకేమైనా పట్టారేమో అడుగు," అన్నారాయన. అడిగాను. కోడలు తల వంచుకుని ఏమీ లేదంది.

"ఏటీ పట్టనేదట."

ఆయన నమ్మక మళ్లీ అడిగించారు. మళ్లీ అదే జవాబు. పిల్లాడి ఊపిరి అందీ అందకుండా ఉంది.

అప్పుడే సంచీతో అమ్మ వచ్చింది. ముగ్గురినీ ఒక్కసారి చూసి, అత్తగారిని నూతి దగ్గరికి నీళ్లకు పంపింది. ఆవిడ గడప దాటగానే కోడలి చెవిలో ఏదో అడిగింది. ఆ పిల్ల భోరుమని, ఇంతే పట్టారన్నట్టు చిటికెనవేలి కొస చూపించింది.

"నల్లమందండీ! ఏడుపు మానడానికి అత్త పట్టించిందట," అంది అమ్మ.

దాంతో వైద్యం దారి మారింది. దీపాల వేళకు ఆ పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఇంటికొచ్చాక.

"నువ్వు తప్పేటి సెప్పినావే? ఎనకాల అత్త నిలబడుంటే ఏ కోడలు నిజం సెప్తాది?" అంది అమ్మ. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టకుండా తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది. తేలికగా చేసే పనికీ ఇంత ఖరీదుందని నాకప్పుడు తెలిసింది.

ఆ వరండా లేదు, వీధిలో చింతపండు లేదు, అమ్మ లేదు. నేను ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లుగా దుబాసీ పనే చేస్తున్నాను. మీకిది మంచినీళ్లప్రాయమని కుర్ర డాక్టర్లు మెచ్చుకుంటారు. కానీ ఎవరైనా ఏమీ లేదన్నారంటే, ఇప్పటికీ నా అరచేతులు తడుస్తాయి. ఆ మాటను తెలుగులో చెప్పేముందు, వాళ్ల వెనక ఎవరు నిలబడ్డారో చూస్తాను.