పురుగు నడిచిన దారి

వేలంపాటలో ఆ వ్యాపారి ఎగిరెగిరి పడ్డాడు: "అయిదొందల ఏళ్ళ నాటి ఈటెగొడ్డలి ఇది! కర్రనిండా పురుగు తొలిచిన బెజ్జాలు చూడవయ్యా!" ఉర్స్ ఆంబ్యూల్ కోటులోంచి గుండుసూది తీసి గుచ్చాడు. సూది తలదాకా దిగింది. "పురుగు వంకర్లు తిరుగుతుంది నాయనా. తిన్నగా పోయేది వడ్రంగి బరమా ఒక్కటే." వ్యాపారి సరుకు చుట్టబెట్టుకుని పోయాడు. అక్కడ కాఫీలందిస్తున్న రోస్లి అంతా చూసింది. ఉర్స్ ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్నది ఆవిడే.

స్విట్జర్లాండులోని ఆ సొలొతుర్న్ ఊళ్ళో పాత ఆయుధం అసలుదో నకిలీదో తేల్చాలంటే ఉర్సే తేల్చాలి. ఇనుమును వాసన చూస్తాడు, నాలుకతో తాకుతాడు. సూపులో ఉప్పు లేకపోతే మాత్రం తెలియదు. భోజనాల బల్లకు పైన గోడకు ఆయన ముత్తాతల ఈటెగొడ్డలి వేలాడుతుంటుంది. "మావాళ్ళు ఎవరి ముందూ వంగలేదు," అని చెప్పనిదే అతిథికి రొట్టె పెట్టడు. వచ్చే ఆదివారం దాన్ని వంశం పేరుతో ఊరి మ్యూజియానికి ఇవ్వబోతున్నాడు.

గురువారం దుమ్ము దులుపుతూ రోస్లి ఊరుకోలేక, దాని కర్ర బెజ్జంలో తన ఏప్రన్‌కున్న గుండుసూది గుచ్చింది. తలదాకా దిగింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉర్స్.

"మీ ఇంట్లో పురుగులు కూడా వంగలేదండీ అయ్యగారూ," అంది.

ఉర్స్ మీసం చాలాసేపు దువ్వుకున్నాడు. మ్యూజియానికి ఫోన్ చేసి, ఇవ్వడానికి మనసొప్పడంలేదన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు: "రోస్లీ, ఇకమీదట దీని దుమ్ము దులపకు. ఆ బెజ్జాలు మూసుకుపోనీ."