కూర్చున్నందుకు కూలి

కరెంటన్న పోయాడని ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేనప్పుడే హారతి పళ్ళెం కింద పెట్టాను.

"అక్కా, కరెంటన్న పోయినాడంట. ఈడే, కూతురింట్లో. నిద్దర్లోనే."

తర్వాత వాడే, "నేను పోయొస్తా" అన్నాడు. ఆ మాట వాడి నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. ఆ మనిషి మా దగ్గర ఎక్కువ తీసుకున్నాడని ఇన్నేళ్ళూ అంటూ వచ్చినవాడు వాడే.

ఆదోనిలో మా వైపు వీధుల వాళ్ళకు ఆయన తెలుసు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఇళ్ళలో చిన్న చిన్న కరెంటు పనులు చేసేవాడు. ఫ్యాను తిరగకపోయినా, స్విచ్చి చిటపటలాడినా ఆయన్నే పిలిచేవాళ్ళం. పిలిచిన రోజు వచ్చేవాడు కాదు. మర్నాడు, అందరూ భోంచేసి నడుం వాల్చే వేళకు వచ్చేవాడు.

వచ్చిన వెంటనే రేటు చెప్పేవాడు కాదు. ముందు మెయిన్ ఆపేవాడు. కిటికీ తలుపులు మూయమనేవాడు. ఆ తర్వాత గోడకు అరచేయి ఆనించి కింద కూర్చునేవాడు. ఫ్యాను ఆగుతుంది. ఫ్రిజ్జు ఆగుతుంది. పట్టపగలే ఇల్లు చీకటై, అంతవరకు వినపడనివి వినపడతాయి. పుట్టి పెరిగిన ఇల్లే ఎవరిదో ఇల్లులా ఉంటుంది. నేను ఏదైనా అడగబోతే తల అడ్డంగా ఊపేవాడు. "ఇల్లు ఊరుకోనీమ్మా" అనేవాడు.

పత్తి మిల్లులో పని చేసే రోజుల్లో పట్టిన అలవాటట అది. అక్కడ మంట కంటికి కనపడకముందే గోడ వెచ్చబడుతుందట. అంతకుమించి ఆ మిల్లు సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

లేచాక రేటు చెప్పేవాడు. అందులో కూర్చున్నందుకు కూడా కూలి ఉండేది. దాచకుండా, ఇంత పనికి, ఇంత కూర్చున్నందుకు అని విడదీసి చెప్పేవాడు.

"కూచ్చున్నందుకు గూడా కూలంటే, మా మామ ఈపాటికి కోటీశ్వరుడై ఉండాల" అనేది ఎదురింటామె.

"మీ మామ ఫ్యాన్ ఏసుకోని కూచ్చుంటాడు తల్లీ. నేను ఆపి కూచ్చుంటా."

బేరమాడితే ఒకటే మాట. "రేటు ఒక్కసారే సెప్తా. రెండోసారి సెప్పినానంటే మొదటిది అబద్ధమన్నట్టే గదా." అలాగని ప్రతిసారీ ఆయన లెక్కే నిజమయ్యేది కాదు. ఎదురింట్లో అంతసేపూ కూర్చుని, ఏమీ లేదని తేలినా, కూర్చున్న కూలి తీసుకునే వెళ్ళాడు. ఆమెకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

ఇక మా ఇంటి సంగతి. ఒకప్పుడు ఇది పెద్ద ఇల్లు. మా నాయన, చిన్నాయన పంచుకున్నప్పుడు నడుమ గోడ లేపారు. చిన్నాయన, ఆ తర్వాత చిన్నమ్మ పోయాక అవతలి సగానికి తాళం పడింది. వాళ్ళకు పిల్లలు లేరు. తాళంచెవి తమ్ముడి దగ్గర ఉంటుంది. బోరు మోటరు అటువైపే ఉండటంతో అక్కడ కరెంటు తీయించలేదు.

మా దేవుని గది ఆ నడుమ గోడను ఆనుకొని ఉంది. అందులో ఒక చిన్న బల్బు. ఒక సాయంత్రం స్విచ్చి ఆపి బయటికి రాబోతూ వెనక్కి చూశాను. బల్బు ఆరలేదు. వెలుగుతోందని కూడా అనలేను. బూడిద కింద నిప్పులా, ఉందా లేదా అన్నట్టు ఉంది. మర్నాడూ అంతే. ఆ గోడకు అవతల గూట్లో చిన్నమ్మ రోజూ దీపం పెట్టేది. ఆమె తద్దినం దగ్గర పడుతోంది. నేను చేతులు జోడించాను. ఆ స్విచ్చికి కుంకుమ పెట్టి, ఎవరూ ముట్టొద్దన్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గురువారాల్లో వచ్చి ఆ బల్బుకు మొక్కి పోయేవాళ్ళు.

అదే గోడకు, నామం పలికే చిన్న పెట్టె కోసం ఒక ప్లగ్ పాయింటు కావాలనుకున్నాను. నేను కరెంటన్నకు కబురు పెట్టాను. తమ్ముడు ఎమ్మిగనూరులో ఇంకొకతన్ని మాట్లాడాడు. ఇద్దరూ ఒకే రోజు వచ్చేట్టు అయింది.

కరెంటన్న ముందు వచ్చాడు. మెయిన్ ఆపాడు. దేవుని గదిలోకి రబ్బరు చెప్పులు వద్దన్నానని, షాకు కొట్టకుండా చెక్క పీట అడిగి, దాని మీద కూర్చున్నాడు. గోడకు చేయి ఆనించాడు. ఇల్లంతా చల్లారిపోయినట్టు అయింది. ఆ చీకట్లో బల్బు మాత్రం అలాగే ఉంది.

మెయిన్ ఆపాక కూడా అది ఉంటుందని నేను ఎన్నడూ చూడలేదు. నా నోట్లో నామం ఆగిపోయింది.

ఆయన దాని వైపు చూడలేదు. గోడనే వింటున్నాడు. చాలాసేపటికి, "గోడ వెచ్చగుండాదమ్మా" అన్నాడు. "ఇది మీ కరెంటు గాదు. అవతల్నుంచి వస్తాండాది."

"అవతల ఎవురున్నారన్నా?"

"నాకేం తెలుసు. నేను తీగల సంగతి సెప్తాండా."

రేటు చెప్పాడు. తమ్ముడు మాట్లాడిన దానికి రెండింతలు. అవతలి ఇల్లు తెరవాలి, అక్కడ కూడా కూర్చోవాలి అన్నాడు.

తమ్ముడు నవ్వాడు. "పక్కింటి గోడ సంగతి మనకెందుకన్నా? ప్లగ్ పెట్టేదానికి పిలిస్తే, నువ్వు ఇల్లంతా జాతకం సూస్తాండావే."

"గోడకు పక్కిల్లు ఏదో తెల్దప్పా."

"వద్దులే. ఇంకొకాయన వస్తాండాడు. నువ్వు పోవచ్చు."

ఆయన సంచి సర్దుకున్నాడు గాని పోలేదు. మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు. రెండో అతను బండి దిగగానే, "తమ్ముడూ, మెయిన్ ఆపినా గూడా ఆ గోడ తొలవద్దు. ముందు టెస్టర్ పెట్టి సూడు" అన్నాడు. ఈ మాటకు కూలి అడగలేదు.

అతను డ్రిల్లింగ్ మిషను ఒక చేత్తో పట్టుకునే, స్విచ్చి బోర్డు విప్పి లోపలి తీగకు టెస్టర్ ఆనించాడు. మెయిన్ ఆపే ఉంది. టెస్టర్ వెలిగింది. అతను మిషను నేల మీద పెట్టి, గుండె మీద చేయి వేసుకున్నాడు. "ఈ రేటుకు నేను సెయ్యన్నా. అన్న సెప్పిందే తక్కువ" అని వెళ్ళిపోయాడు.

ఇక తప్పక తమ్ముడు అవతలి ఇంటి తాళం తీశాడు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న గాలి మా ముఖాల మీదికి వచ్చింది. చిన్నమ్మ గూట్లో నూనె మరక ఇంకా ఉంది. దాని పక్కనే, రెండిళ్ళూ ఒకటిగా ఉన్నప్పటి తీగ గోడలోకి పోతోంది. ఇటు మా దేవుని గది వైపు పెచ్చు రాలగొడితే జాయింటు బయటపడింది. చుట్టిన టేపు నల్లగా కాలి ఉంది. కరెంటన్న దాన్ని విడదీసి, మా వైపు గోడ పూడ్చి, తడి సిమెంటును అరచేత్తో అదిమి సరిచేశాడు. ఆ చేతి గుర్తు అక్కడే ఉండిపోయింది.

ఆ సాయంత్రం స్విచ్చి ఆపితే బల్బు ఆరిపోయింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఆయన గ్రహించాడేమో, పోతూ పోతూ, "నూనె దీపానికి మొక్కుకోమ్మా. అది ఆర్పితే ఆరిపోతాది" అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. "ఇద్దరూ మాట్లాడుకోని వచ్చినారు. ఒక తీగ ఇప్పేదానికి ఇంతా?"

కరెంటన్న డబ్బు జేబులో పెట్టుకుంటూ చెప్పాడు. "ఎప్పుడన్నా గోడ ముట్టి సూడప్పా. సల్లగుంటే నేను ఎక్కువ తీసుకున్నట్టు. వెచ్చగుంటే తక్కువ తీసుకున్నట్టు."

అప్పటినుంచి తమ్ముడు వచ్చినప్పుడల్లా ఆ గోడ మీద చేయి వేసేవాడు. "సల్లగుందక్కా. ఎక్కువే తీసుకున్నాడు" అని నవ్వేవాడు. నవ్వినా, ముట్టకుండా మాత్రం ఎప్పుడూ పోలేదు.

కరెంటన్న పోయిన రోజు మధ్యాహ్నం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, ఈడ మెయిన్ ఆపేసినారు. ఫ్యాను లేదు, లైటు లేదు. కిటికీలు మూసినారు. ఇంతమందిమి చెమటలో కూచ్చున్నాము. ఎవరో ఫ్యానన్నా ఏయండంటే అన్న భార్య, వదినమ్మ వద్దనింది."

"ఎందుకంట?"

"పోయేముందు ఒకసారి ఇల్లు ఇంటాడు గదా, ఇననీయండి అనింది."

"ఉండప్పా, నేనూ గోడ ముట్టి సూస్తా" అని ఫోన్ పట్టుకునే లేచి మెయిన్ ఆపాను. కిటికీలు మూశాను. దేవుని గదిలో పీట వేసుకుని, గోడ మీది ఆ చేతి గుర్తులో నా చేయి పెట్టాను. ఆయన వేళ్ళు నా వేళ్ళ కంటే పొడుగు.

"ఎట్లుందక్కా గోడ?"

"సల్లగుందప్పా."

"అయితే ఎక్కువే తీసుకున్నాడు" అన్నాడు తమ్ముడు. నవ్వబోయాడు. చేతకాలేదు. ఫోన్ పెట్టేశాడు.

నేను చేయి తీయలేదు. ఫ్రిజ్జు చప్పుడు కూడా లేదు. ఇల్లు ఊరుకుంది. తాళం వేసిన ఆ అవతలి ఇంట్లో, సరిగ్గా నా చేతికి ఎదురుగా, ఎవరో గోడకు అరచేయి ఆనించి కూర్చున్నట్టు అనిపించింది. నామం నాలుక మీదికి వచ్చింది గాని పైకి అనలేదు. వింటున్నవాళ్ళకు అడ్డం రాకూడదని.