మూఢం వెళ్ళాక పట్టుకెళ్ళిన ఫారం

మా చిన్నప్పుడు... కవిటి దగ్గర మా ఇంటి అరుగు మీద ఒక ఉన్నత పాఠశాల నడిచేది. అందులో ఉన్నది పదో తరగతి ఒక్కటే. విద్యార్థిని కూడా ఒక్కతే... మా అప్ప దమయంతి. మా వైపు అక్కను అప్ప అంటాం. ప్రధానోపాధ్యాయులు, గణితం, ఆంగ్లం, క్రమశిక్షణ... ఈ నాలుగు శాఖలూ మా నాన్నవే. ఐదో తరగతి చదువుతున్న నన్ను తరగతి నాయకురాలిగా ఏకగ్రీవంగా నియమించారు.

ఆ సంస్థ ఆవిర్భావానికి మూలకారకురాలు మా నాన్నమ్మ. అప్ప తొమ్మిది పాసైన వేసవిలోనే పెద్దమనిషయింది.

"వయసొచ్చిన గుంటని రోజూ బస్సెక్కించీసి పంపుతావేట్రా? నలుగురూ ఏటనుకుంతారు?"

"సదువు మానిపించీమంతావేటి?" అన్నారు నాన్న.

"మానిపించీమన్నానా నాను? ఇంటికాడే సదివించు. నువ్వు సదువుకున్నోడివే కదా."

తలుపు వెనుక నుంచి అప్ప ఒక్కటే అడిగింది. "పరీచ్చ మాత్రం రాయనిత్తావు కదా నాన్నా?"

పది పాసైతే టీచరు ట్రైనింగుకు వెళ్ళాలని అప్ప ఆశ. నాన్న రాయిస్తానని మాటిచ్చారు. ప్రైవేటుగా కట్టించడానికి ఫారం తానే పెడతానన్నారు.

పాత గోడ క్యాలెండర్లు నాలుగింటిని వెనక్కి తిప్పి, మైదాపిండితో అతికించి, దాని మీద ఆఖరి సంవత్సరపు సమగ్ర ప్రణాళికను నాన్న స్వహస్తాలతో లిఖించారు. పాఠాలకు నీలి సిరా, సెలవులకు ఎర్ర సిరా. కొబ్బరి దింపు ఉన్న రోజు సెలవు. పరీక్షల ముందు తోటలో జీడిపిక్కలు ఏరడాన్ని వృక్షశాస్త్రపు ప్రాక్టికల్స్ కింద చూపారు. ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో గంట కొట్టే బాధ్యత నాది... జ్వరం వస్తే అప్ప "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి" అని సెలవు చీటీ రాయాలి. నాన్న దాన్ని చదివి, సంతకం చేసి, సెలవు మంజూరైన తర్వాతే కషాయం కాచడానికి లేచేవారు.

అప్ప మాత్రం నిజంగానే చదివింది. పిడకల దాలిలో పాలకుండ పెడుతూ సూత్రాలు వల్లించేది. బావి దగ్గర చేద లాగుతూ నదుల పేర్లు చెప్పేది...

చలికాలంలో ఫారం వచ్చింది. నాన్న గుండ్రటి అక్షరాలతో అన్ని గడులూ నింపారు. సంతకం ఒక్కటే మిగిలింది. అప్పుడు పంచాంగం తెరిచారు. శుక్రమూఢం నడుస్తోంది.

"మూఢంలో శుభకార్యం సేయకూడదు. నా కూతురు పది కట్టడం శుభకార్యం కాదేటి?"

చివరికి నాన్నమ్మ కూడా అభ్యంతరం నమోదు చేసింది.

"కాయితానికి మూఢమేట్రా?"

"నువ్వూరుకో అమ్మా. సదువు సంగతి నీకేటి తెల్దు."

"ఆకరి తేదీ దగ్గరకొచ్చీసింది నాన్నా," అని అప్ప రోజూ గుర్తుచేసేది.

"మూఢం వెళ్ళనీ అమ్మా," అని నాన్న రోజూ అనేవారు.

గడువు ముగిసింది. అపరాధ రుసుముతో కట్టే గడువూ ముగిసింది. ఆ తర్వాత నాలుగు రోజులకు మూఢం వెళ్ళింది. మంచి దశమి చూసి, ఫారానికి నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, ఉతికిన పంచె కట్టుకుని నాన్న కవిటి బస్సెక్కారు.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. "గంట కొట్టవే," అని నాతో అని, త్రికోణమితి మొదలుపెట్టారు. ప్రణాళికలో ఎలాంటి మార్పూ ప్రకటించలేదు. పాఠాలు యథావిధిగా సాగాయి. అప్ప హాల్ టికెట్ కోసం ఎదురుచూస్తూనే ఉంది...

మాఘమాసంలో ఒక రోజు పంచాంగం తెమ్మని నాన్నమ్మ మమ్మల్ని పంపింది. అటక మీంచి దింపుతుంటే అందులోంచి ఒక కాగితం జారింది. నాలుగు మూలలా పసుపు. అప్ప దాన్ని రెండు వైపులా చూసింది. తర్వాత ఏ పేజీలోంచి జారిందో వెతికి, అక్కడే పెట్టింది.

"నాన్నకి సెప్పకే," అంది నాతో. "సిగ్గుపడిపోతాడు."

ప్రణాళిక ప్రకారం మార్చిలో పరీక్ష. ఆ రోజు అప్ప తలంటుకుని, ఇస్త్రీ వోణీ వేసుకుని, అరుగు మీద రాత బల్ల ముందు కూర్చుంది. నేను గంట కొట్టాను. నాన్న ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చి, స్తంభానికి ఆనుకుని, వీధి వైపు చూస్తూ నిలబడ్డారు. అప్ప తల ఎత్తకుండా రాసింది. మధ్యలో ఒకసారి అదనపు కాగితం అడిగింది... నాన్న దాని మీద సంతకం చేసి ఇవ్వడం తరగతి నాయకురాలిగా నేను చూశాను. అన్ని పరీక్షలూ అలాగే జరిగాయి. జవాబు పత్రాలను పురికొసతో కట్టి పెట్టెలో పెట్టారు. వాటి ఫలితాలు ఇంతవరకూ వెలువడలేదు.

మరుసటి ఏడు చూద్దామనుకున్నాం. ఈలోగా బారువ నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికి మాత్రం ముహూర్తం పక్షం రోజుల్లోనే దొరికింది. తర్వాత అక్కడ అంగన్‌వాడీ టీచరు పోస్టు పడితే పది పాసు కాగితం అడిగారు. అప్పను ఆయాగా తీసుకున్నారు. ఇప్పటికీ పిల్లలకు అక్షరాలు దిద్దించేది ఆవిడే... రిజిస్టరులో మాత్రం వంట, శుభ్రత అని ఉంటుంది.

ఇప్పుడు పలాసలో నా కూతురు ఇంటి దగ్గరే చదువుకుంటూ ఓపెన్ స్కూల్లో ఇంటర్ కడుతోంది. ఇది ఆఖరి సంవత్సరం. నేనూ పెద్ద చార్టు గీశాను. మూడు రంగులు వాడాను. మొన్న అప్ప వచ్చి, దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివింది.

"ఫారం ఎట్టీసినారేటి?"

"ఇంకా వారం గడువుంది అప్పా."

అప్ప కంప్యూటర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడెట్టు. నాను సూత్తాను."

పది నిమిషాలు పట్టింది. రసీదు ప్రింటు తీసి ఇస్తే, అభ్యర్థి పేరున్న వరుస మీద వేలు పెట్టి చదివింది. మూలలు కూడా తడిమి చూసింది... ఏమీ లేవు, తెల్లగా ఉన్నాయి. తిరిగి ఇచ్చేసి, బారువ బస్సు టైమెంతని అడిగింది.

అప్పటి పంచాంగాలు పోయాయి. ఫారాలూ కాగితం మీద లేవు. ఆ పది నిమిషాలు మాత్రం మా ఇంటికి ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాయి... మీ ఇళ్ళలోనూ మంచి రోజు కోసం ఆగిపోయిన కాగితం ఏదైనా ఉందా? ఉంటే అది ఎవరిదో, ఇక్కడ పేరైనా రాయండి.