మా ఇగ్వానాను ఉడుమన్నాడు

మా బావమరిది మా ఇగ్వానాను ఉడుమన్నాడు. నలుగురు కూర్చున్న చోట, నా ఇంట్లో, నా అన్నం తింటూ అన్నాడు. తప్పని చెప్పినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఇందులో ఏముంది, నోటి మాటే కదా అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు మా వైపు సంగతి తెలియదు. మా దగ్గర ఉడుము ఇల్లు చొరబడితే ఆ ఇంటిని పాడుపెట్టాలంటారు. అంటే తాళం వేసి, మనుషులంతా ఎక్కడికైనా పోయి, కొన్ని నెలలపాటు ఆ గడప తొక్కకూడదు. ఆ తర్వాత శాంతి చేయించుకొని తిరిగి రావాలి. నేను నమ్మను. నా భార్య నమ్ముతుంది. ఇంట్లో ఎవరి నమ్మకం నడుస్తుందో పెళ్లయిన వాళ్లకు చెప్పనక్కర లేదు.

ఇగ్వానా నాకు కూరగాయల మార్కెట్ వెనక దొరికింది. ఎవరో అది పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నట్టున్నారు. అది మూరెడు దాటి పెరిగేసరికి కూలర్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి చెత్తకుండీ పక్కన వదిలిపోయారు. ఒళ్లంతా ఆకుపచ్చ, వీపు మీద దువ్వెన పళ్లలాంటి ముళ్లు, గొంతు కింద వేలాడే తోలు సంచి. తోక కొస విరిగి ఉంది. పక్కటెముకలు బయటికి కనబడుతున్నాయి. నేను వంగి చూస్తుంటే ఆకుకూరలమ్మే ఆమె అరిచింది.

“తాతా, ముట్టకు! మొసలి పిల్ల గది.”

“మొసలైతే నీ తోటకూర ఎందుకు తింటాందే?”

“ఆకలైతే ఎవడైనా తింటడు తాతా.”

పెట్టెను చంకలో పెట్టుకొని నేరుగా పశువుల దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరు మూత తీసి చూసి, మళ్లీ మూసి, “పెద్దాయనా, నేను బర్రెల డాక్టర్ను” అన్నాడు. అయినా మంచివాడు. ఫోన్లో ఎవరినో అడిగి, దీన్ని ఇగ్వానా అంటారని, ఆకులూ పూలూ తింటుందని, మాంసం పెట్టొద్దని, ఎండా వెచ్చదనమూ కావాలని చెప్పాడు. అడవి ఆఫీసులో తెలియజేయమన్నాడు. తెలియజేశాను. వాళ్లు కూడా చూసి, ఇది మన దేశపు జంతువు కాదన్నారు. నా పేరూ ఊరూ రాసుకొని పంపారు. అంటే చూడవలసిన వాళ్లంతా చూశారు. ఒక్కరూ ఉడుమనలేదు.

వరంగల్ కొత్తవాడలో మా ఇంట్లో ముందు గది మగ్గం గది. నేను నాలుగో తరగతితో బడి మానేసి అందులో కూర్చున్నవాణ్ని. నా చదువంతా జంపఖానాలు నేయగా మిగిలిన పొద్దులో, లైబ్రరీ బల్ల మీద, ఎవరూ చెప్పకుండా వచ్చింది. ఇప్పుడు మగ్గం లేదు, గది ఖాళీ. పెట్టెను అక్కడ దించాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి చూసింది.

“ఏందయ్యా ఇది?”

“ఇగ్వానా.”

“అంటే?”

“దూరదేశం తొండ అనుకో.”

“దగ్గరి తొండలు సరిపోలేదా నీకు?”

అన్నదే గానీ, దాని పక్కటెముకలు చూసి లోపలికి పోయి సొరకాయ తురుముకొచ్చింది. అది గుర్తుంచుకోండి. అప్పటికి ఆమెకు అది తొండే.

మచ్చిక చేయడం గురించి ఫోన్లో చదివాను. అర్థం కాక కళ్లజోడు మార్చి మళ్లీ చదివాను. తొందరపడొద్దు, పక్కన కూర్చో, నీ గొంతు అలవాటు చెయ్యి అని రాశారు. సరే అని రోజూ పొద్దున దాని పక్కన కుర్చీ వేసుకొని పేపరు పైకి చదివేవాణ్ని. రాజకీయాల పేజీకి ఒక కన్ను మూసేది. వ్యవసాయం పేజీకి రెండో కన్ను కూడా మూసేది. చెయ్యి చాపితే మాత్రం ఎక్కడి నిద్ర అక్కడ వదిలేసి తోకతో చెళ్లున కొట్టేది. ఆ దెబ్బ తింటే గానీ తెలియదు. నేను ఊరుకుంటానా? పాత జంపఖానా ముక్కను మోచేతి దాకా చుట్టి, తాడు కట్టుకొని పోయాను. అది చూసి నా భార్య, “దాన్ని మచ్చిక చేస్తానవా, దానితోని కుస్తీ పడతానవా?” అని అడిగింది.

మందార పువ్వుతో పని జరిగింది. ఎర్రటి మందార చూస్తే ఆ జంతువు తనను తాను మరిచిపోతుంది. మొదట పువ్వు విసిరాను. తర్వాత చేతికి దూరంగా పెట్టాను, ఆ తర్వాత చేతిలోనే. ఒకరోజు జంపఖానా చుట్టుకోవడం మరిచిపోయి ఉత్తచెయ్యి చాపితే, నా వేలిని వదిలి పువ్వును మాత్రమే తిన్నది. నాకు కన్నీళ్లు ఆగలేదు. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాలని రాశారు గనుక స్టీలు బేసిన్లో కూర్చోబెట్టాను. అది బియ్యం కడిగే బేసిన్ అని నాకు ఎవరూ చెప్పలేదు. ఇగ్వానాలు నీళ్లలో కూర్చుంటే ఏం చేస్తాయో కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త బేసిన్ ఉంది.

నడినెత్తిన దానికి చుక్కలాంటి మూడో కన్ను ఉంటుందని చదివి, ఆమెను మెత్తబరుద్దామని ఆ మాట చెప్పాను. “శివుని లెక్కనే” అన్నాను.

“తెరిస్తే ఏమైతది?”

“తెరవదు. వెలుతురు, నీడ తెలుసుకోవడానికి, గంతే.”

“తెరిస్తే మాత్రం ముందు నువ్వే బూడిదైతవు. నువ్వే గదా దాని ముంగట కూసునేది.”

అట్లా నవ్వుకుంటూ బతుకుతున్నాం. అప్పుడు వచ్చాడు మా బావమరిది, ఆదివారం కోడికూరకు.

ఈయన సంగతి నాకు కొత్త కాదు. నా పెళ్లి పందిట్లో, అందరూ ముహూర్తం కోసం ఎదురుచూస్తుంటే, నిక్కరు వేసుకున్న ఈ పిల్లవాడు నా మణికట్టు పట్టుకొని “బావ గడియారం ఆగిపోయింది!” అని అరిచాడు. పందిరంతా నవ్వింది. ఆగలేదు. గడియారం కొంచెం వెనక నడుస్తున్నది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఇన్నేళ్లుగా చెబుతున్నాను, ఒప్పుకోడు. పెద్దయ్యాక ఏటూరునాగారం అడవి వైపు, బీడీలు చుట్టే తునికాకు కట్టలు లెక్కపెట్టే ఉద్యోగం చేశాడు. దాంతో అడవిలో ఉన్నవన్నీ తనకే తెలుసని నమ్మకం.

ఇగ్వానా పెరటి గోడ మీద ఎండ కాగుతోంది. మా బావమరిది ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగాడు.

“బావా, ఉడుమును తెచ్చుకున్నవా ఇంట్లకు?”

“ఉడుము కాదు. ఇగ్వానా.”

“నాకు చెప్తానవా? అడవిల గిసుంటియి ఎన్ని జూసిన.”

“ఉడుము నాలుక పాము నాలుకలా చీలి ఉంటుంది. దీనిది చూడు” అని దాన్ని నోరు తెరవమన్నాను. తెరవలేదు. మొహమాటం. వీపు మీది ముళ్లు చూపించాను. “విదేశం ఉడుము” అన్నాడు. ఆకులు తింటుందన్నాను. “నీ ఇంట్ల ఏం దొరికితే గది తింటది పాపం” అన్నాడు. అంతలో ఇగ్వానా తల పైకీ కిందికీ ఊపింది. అది వాటి అలవాటు. “అగో, అదే ఒప్పుకుంటాంది” అన్నాడు. పెరుగు కోసం వచ్చిన పక్కింటి దంపతులు గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే నా భార్య సంచీలో చీరలు సర్దింది. అడ్డం నిలబడ్డాను.

“నిన్నటిదాకా తొండే గదా? సొరకాయ నువ్వే తురుమలేదా?”

“నిన్నటిదాకా తెల్వదు. తెలిసినంక ఎట్లుంటం? మా తమ్ముడు ఉడుము కాదని తన నోటితోని చెప్పాలె. అప్పుడొస్త.”

తమ్ముడింటికే పోయింది, ఖిలా వరంగల్‌కు. దేశంలో ఉడుమును గుర్తుపట్టగల మనిషి ఒక్కడే ఉన్నట్టు, ఆ తీర్పు కోసం ఆ న్యాయమూర్తి ఇంట్లోనే బస.

నేనూ ఇగ్వానా మిగిలాం. అది నాకంటే బాగా తిన్నది. దానికి మునగాకు, సొరకాయ, మందార. నాకు పచ్చడి మెతుకులు. కానీ ఆ రోజుల్లోనే అది నా భుజమెక్కడం నేర్చింది. నేను పేపరు చదువుతుంటే చెవి పక్కన గడ్డం ఆనించి కూర్చునేది. ఫోటోలు తీసి నా భార్యకు పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చేవి, మాట వచ్చేది కాదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆమె తిట్లను నేనే తిట్టుకొని సరిపెట్టుకున్నాను. ఆమె గొంతు నాకు రాదు. బావమరిదికి ఫోన్ చేస్తే ఒకటే మాట. “ఉడుమే బావా. ఫికర్ జేయకు, అక్క ఇక్కడ మంచిగున్నది.”

ఆ “మంచిగున్నది” అన్న మాట నాకు పడలేదు. ఒక పొద్దున ఇగ్వానాను కూరగాయల సంచీలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి ఆటో ఎక్కాను.

“తాతా, సంచిల కోడా?” అన్నాడు ఆటో అతను.

“కాదు.”

“మల్ల తోకేంది, సీటు మీదికొచ్చింది?”

“నువ్వు ముందటికి చూసి నడుపు.”

మా బావమరిది కొత్త ఇంటికి ఈమధ్యే గృహప్రవేశం చేశాడు. మొహం కనబడేటంత తెల్లటి టైల్స్. చెప్పుల సంగతి అటుంచండి, కాళ్లు కడుక్కోకుండా ఎవరినీ రానివ్వడు. వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. అరుగు మీద నా భార్య గోరుచిక్కుడు గిల్లుతోంది. నన్ను చూసి గిల్లడం ఆపలేదు గానీ, వేగం తగ్గింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత నా మీద చాలా అన్నారు. నేను ఇగ్వానాను ఆ ఇంట్లోకి తీసుకుపోలేదు. గడప బయట సంచీ దించి, దానికి గాలి ఆడాలని తువ్వాలు తీశాను. అంతే. తలుపు తీసి ఉండటం నా తప్పు కాదు. తలుపుకు ఎదురుగా పూజగది ఉండటం నా తప్పు కాదు. దేవుడి పటానికి ఎర్రటి మందారల దండ వేయడమూ నా తప్పు కాదు.

ఇగ్వానా తల ఎత్తింది. చూసింది. సంచీలోంచి దిగి, మా బావమరిది కాళ్ల మధ్యలోంచి గడప దాటి, ఆ టైల్స్ మీద జారుతూ జారుతూ పూజగదికి పోయి, నింపాదిగా దండ తినడం మొదలుపెట్టింది.

లోపలి నుంచి బావమరిది భార్య కేక వేసింది. “అయ్యో, ఉడుము! ఉడుము ఇల్లు జొచ్చింది!”

ఆ కేక వీధి దాకా వినబడింది. ఇగ్వానా నమలడం ఒక్కటే వినిపిస్తోంది.

నా భార్య గోరుచిక్కుడు చాట పక్కన పెట్టింది. తమ్ముడి వైపు తిరిగి, ఎంతో ప్రేమగా అడిగింది.

“తమ్మీ, ఇగ మీరెప్పుడు ఖాళీ చేస్తరు?”

వాడు టైల్స్ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. వాడి భార్య బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. “నోరు ఇప్పవేందయ్యా? ఉడుమైతే సామాను సదురుత. కాదంటే కాదని చెప్పు.”

ఇగ్వానా దండ ముగించి, మా వైపు తిరిగి తల పైకీ కిందికీ ఊపింది.

ఇది ఉడుమా, కాదా అని ఆ ఆదివారం నుంచి అడుగుతున్న ప్రశ్ననే నేను నెమ్మదిగా ఇంకోసారి అడిగాను. బావమరిది గడ్డం గోక్కున్నాడు. చివరికి చెప్పాడు.

“ఉడుము కాదు. సరేనా? అక్కను తోల్కపో. కానీ బావా, ఆ పెళ్లి రోజు నీ గడియారం మాత్రం ఆగిపోయిందే.”