ప్రభుత్వం ఆపేసిన నలుగుపాట

మొన్న తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి కరెంటు రైల్లో వస్తుంటే, ఎదుటి సీటులో కాలేజీ పిల్ల ఒకతి ఏదో వీడియోల సైటు తెరవబోయి, ప్రభుత్వ ఉత్తర్వు మేరకు దీన్ని నిలిపివేశామన్న పేజీ కనబడగానే విసుక్కుని, మరుక్షణం ఇంకో సైటులోకి దూరిపోయింది. ఆ పిల్లకు అదొక లెక్కే కాదు, నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది.

మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, పెళ్ళికి ముందు నలుగు పెట్టేటప్పుడు ఇంటి పెద్ద ఆడమనిషి పాట ఎత్తుకోనిదే పసుపు గిన్నెలో చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. నేను తిరువళ్ళూరు ఆఫీసులో చేరిన కొత్తల్లో, చుట్టాల పెళ్ళంటే చాలు, సగంపూట సెలవు పెట్టి పూండి పక్కన అత్త ఉండే ఊరికి బస్సెక్కేదాన్ని. పెళ్ళికొడుకు ముక్కునూ వాళ్ళమ్మ నడకనూ ఆడబిడ్డ మాటతీరునూ వరసగా ఆటపట్టిస్తూ ఆవిడ పాడుతుంటే, ఆ మాటలు పడ్డవాళ్ళే అందరికంటే ముందు నవ్వేవాళ్ళు.

తర్వాతెప్పుడో చిన్న వీడియోల యాప్ ఒకటి వచ్చింది. వదిన, అంటే అత్త కూతురు, తన కూతురితో కలిసి అత్తను వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, ఆ పాటను ముక్కలుగా తీసి అందులో పెట్టారు. పాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. మా వైపు పిల్లలకు అరవం చదవడమే వచ్చు, తెలుగక్షరం రాదు, అయినా చెవితో పట్టుకుని పాడుకున్నారు. యాప్‌లో భద్రంగా ఉందిలే అన్న ధీమాతో వదినావాళ్ళు ఫోనులోని వీడియోలు తుడిచేశారు. మరుసటేడు అత్త పోయింది. వదిన రోజూ కాఫీ తాగుతూ వాళ్ళమ్మ పాట పెట్టుకునేది.

కరోనా ఏడు ఒక సాయంత్రం ప్రభుత్వం ఆ యాప్‌ను దేశమంతటా ఆపేసింది. దాని కారణాలు దానికుంటాయి, నేను కాదనను. కానీ వదిన ఫోను చేసి, "మా అమ్మ గొంతు యాడ పోయిందమ్మీ? ఎవుర్ని అడగాల?" అంది. అరవం లెక్కన ఆవణి నెలలో, అంటే ఆగస్టు నెలాఖరులో, వదిన కూతురి పెళ్ళి. అమ్మ పాట లేకుండా నలుగు పెట్టేది లేదని వదిన భీష్మించుకుంది, ఆమెకేమో మొదటి చరణం తప్ప రాదు, నాకు అదీ అంతంతమాత్రమే. అయినా నేను బెదరలేదు. అంతమంది విన్న పాట ఏదో ఒక చెవిలో ఉండకపోదని, పక్క ఊళ్ళో ఇల్లిల్లూ అడిగి, పాట వచ్చిన కోడలిపిల్లల్ని పిలుచుకొచ్చాను.

వాళ్ళు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, అత్త సాగదీసిన చోట సాగదీసి, ఊపిరి పీల్చిన చోట పీల్చి పాడారు. నడిమధ్యలో, అదే రాగంలో, "మే, పాలు పొంగతా ఉండాయి, చూడు మే" అని కూడా పాడేశారు. అది పాటలోది కాదు. వీడియో తీసిన రోజు పొయ్యి దగ్గరున్న వదినను అత్త రాగం తెంచకుండానే కేకేసిన మాట. వియ్యపురాలిని ఎగతాళి చేసే చరణమనుకుని ఈ పిల్లలు దాన్నీ నేర్చేసుకున్నారు.

వదిన చేతిలో పసుపు చేతిలోనే ఉండిపోయింది. "చూస్తా ఉండాను మా" అంది మెల్లగా. ఆ తర్వాత ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, నేనైతే రెండూ చేశాను.

మన కాలంలో మనిషి పోతే పాట పోయేది. ఇప్పుడు ఒక ఉత్తర్వుతో పోతుంది, ఎవరి చెవిలోనో పడి మిగులుతుంది కూడా. ఈనాడు మా వైపు పెళ్ళిళ్ళలో ఆ పాల మాట లేనిదే నలుగుపాట పూర్తి కాదు, పిల్లలు పెళ్ళికొడుకు తల్లివైపు చూసి మరీ పాడతారు. అది పాట కాదని తెలిసినవాళ్ళం వదినా, ఆమె కూతురూ, నేనూ ముగ్గురమే, మేము చెప్పం. మా తర్వాత అది ఉత్త చరణమే అయిపోతుంది, ఒక తల్లి కూతుర్ని పిలిచిన పిలుపని ఎవరికీ తెలియదు.