ఉతకని జంపఖానా

పిచ్చుకలతో పాటు పిల్లులను కూడా ఎరిగిన నా దేవునికి ముందుగా స్తోత్రం. మా ఇంట్లో జరిగినదంతా చూసి కూడా మా గుమ్మం దాటి వెళ్లిపోనందుకు ఆయనకు స్తోత్రం. ఈ మాట ముందు చెప్పుకుంటే తప్ప మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మేము పటమటలో రేకులు కప్పిన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న ఆటోనగర్లో లేత్ మెషిన్ మీద పనిచేసేవారు. చర్చి సంఘంలో పెద్ద కూడా. మా నాయనమ్మ సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పేది. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం మా తాతయ్య బతికున్న రోజుల నుంచీ మా ముందుగదిలోనే జరిగేది. ఆ గది మాకు బతకడానికి చాలకపోయినా, శుక్రవారం వచ్చేసరికి అందులో వీధి వీధంతా సర్దుకుని కూర్చునేది. మా నాన్నకు లోకంలో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క సాయంత్రంలోనే ఉండేది.

నాకొక పిల్లి ఉండేది. బూడిద రంగులో ఉండేది కాబట్టి బూడిదమ్మ అని పిలిచేవాళ్లం. పక్కింటి అక్క వాళ్ల పొయ్యి వెనక పుట్టి, కళ్లు తెరిచిన కొద్ది రోజులకే మా ఇంటికి వచ్చేసింది. నేను బడి నుంచి వచ్చే వేళకు గేటు దిమ్మె మీద కూర్చుని ఉండేది. నన్ను చూసి కిందికి దూకడం, నా కంటే ముందు ఇంట్లోకి నడవడం దాని పద్ధతి.

ఆ ఏడాది వానలు వెనకపట్టాక దానికి గోమార్లు, అంటే నెత్తురు తాగే పురుగులు, పట్టాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు. వేలు పెట్టబోతే గెంతి ఎక్కడికో పోతాయి. మొదట దాని చెవుల వెనక కనిపించాయి. కొన్నాళ్లకు మా పాదాల మీద, చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. అమ్మ నల్లులనుకుని నులకమంచం ఎండలో నిలబెట్టి కోణాల్లో వేడినీళ్లు పోసింది. దుప్పట్లన్నీ ఉడకబెట్టింది. గచ్చంతా ఫినాయిల్‌తో కడిగింది. రెండు మూడు రోజులు ఊరట. మళ్లీ మొదలు.

పిల్లికి వేపాకు నూరి పట్టించాం. అది ఒళ్లు నాకుకుని, ఆ చేదుకు నోట్లో నురగ తెచ్చుకుని మంచం కింద దూరింది. కుంకుడు రసంతో తలంటబోతే అమ్మ చేతులు చీరుకుపోయాయి. ఎవరో చీమల మందు చల్లమన్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. పిల్లి తన ఒళ్లు తానే నాక్కునే జీవమనీ, దాని మీద చల్లడమంటే దాని కంచంలో వేయడమేననీ అంది. ఆమె మాత్రం రోజూ సాయంత్రం పిల్లిని ఒళ్లో వేసుకుని, తన పేలదువ్వెనతో మెడ దగ్గర నుంచి తోక దాకా దువ్వేది. పళ్ల మధ్య చిక్కినవాటిని పక్కనున్న సబ్బునీళ్ల గిన్నెలో ముంచేది. నీళ్లలో అవి కాసేపు గిలగిల్లాడి మునిగిపోయేవి. గిన్నె అడుగున నల్లగా పేరుకునేవి. మర్నాడు మళ్లీ అన్నీ ఉండేవి. అలా చూస్తూ చూస్తూ మా ఇంట్లో అందరికీ ఇవి పోవు అనే నమ్మకం కుదిరిపోయింది. ప్రార్థనలో కూడా నాన్న వాటి సంగతి ఎత్తడం మానేశారు.

ఇక్కడ మా జంపఖానా గురించి చెప్పాలి. ఎరుపు, నీలం చారలతో గది మొత్తం పట్టే మందపాటి జంపఖానా అది. సంఘం కానుకలతో కొన్నది. కూటం మా ఇంట్లోనే కాబట్టి మా భోషాణం మీద మడతపెట్టి ఉండేది. దాన్ని మేము ఇంటి సామానుగా చూసేవాళ్లం కాదు. దాని మీద తినకూడదు, పడుకోకూడదు. ఇంటి బట్టలు ఆరేసే దండెం మీద దాన్ని వేయకూడదు. మోకాళ్లూనిన చోటు కాబట్టి దానికొక మర్యాద. ఆ మర్యాదలోనే దాన్ని ఉతకడం అనే మాట మా ఎవరి బుర్రకూ తట్టలేదు. ఇల్లంతా ఉడకబెట్టిన అమ్మ కూడా దాని దగ్గరికి వచ్చేసరికి పైపైన గుడ్డతో తుడిచి వదిలేసేది.

ఒక శుక్రవారం మా సంఘ కాపరి అయ్యగారు వాక్యం చెబుతున్నారు. ఆయన ఎప్పుడూ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకునేవారు. చెబుతూ చెబుతూ వంగి కాలు గోక్కున్నారు. ఆ తెల్ల ప్యాంటు మీద నల్ల చుక్కలు గెంతడం ముందు వరసలో ఉన్న అందరూ చూశారు. పాల డిపో దగ్గరుండే ఆంటీకి నోరు ఊరుకోదు.

"ప్రార్థనలో కదలకుండా కూర్చోమంటారు గానీ అయ్యగారండీ, ఇక్కడ కూర్చుంటే ఆత్మ కంటే ముందు కాళ్లు కదులుతున్నాయండీ!"

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వేశారు. నాన్న నవ్వలేదు. ఆ తరువాతి వారం సగం మంది రాలేదు. ఆ పై వారం అయ్యగారు నాన్నను పక్కకు పిలిచి, కొన్నాళ్లు కూటం వేరే ఇంట్లో పెట్టుకుందామని మెల్లగా చెప్పారు. నాన్న తల ఊపి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నారు. తరువాత గోనెసంచి ఎక్కడుందని అమ్మను అడిగారు.

సంచి ఎవరి కోసమో తెలిసి ఏడ్చాను. బూడిదమ్మను పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. నాన్న కోప్పడలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"వన్ టౌన్ గోడౌన్లలో వదులుతానమ్మా. అక్కడ ఎలకలు బోలెడు. మనింట్లో కంటే బాగా తింటదిలే," అన్నారు.

"దాన్ని పంపేస్తే పోతాయంట్రా అవి?" అని నాయనమ్మ అడిగింది.

"పోకపోతే నేనేం చెయ్యనే అమ్మా? మనింట్లో కూటం లేకుండా పోతోంది, నీకు తెలియట్లేదా?"

సంచి మూతి కట్టి సైకిలు క్యారియర్ మీద పెట్టారు. మా ఇంట్లో ప్రార్థన చేయకుండా ఎవరూ ప్రయాణమయ్యేవారు కాదు. అలవాటు చొప్పున నాన్న సంచి మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. దారిలో తోడుండమన్నారు. మా గృహాన్ని శుద్ధి చేయమన్నారు. ఆయన చేతి కింద సంచి కదులుతోంది. లోపలి నుంచి అది అరుస్తూనే ఉంది. నాన్న ఆమేన్ అన్నారు. అమ్మ అంది. గోడవతల నుంచి పక్కింటి అక్క కూడా అంది. నేను ఏడుస్తూనే ఉన్నాను. నాయనమ్మ మాత్రం నోరు మూసుకుని నిలబడింది. అన్నేళ్లలో ఒక ప్రార్థనకు ఆమె ఆమేన్ అనకపోవడం అదొక్కసారే చూశాను.

బూడిదమ్మ వెళ్లాక ఇల్లు బాగుపడలేదు. గోమార్లు తగ్గకపోగా మా మీద విరుచుకుపడ్డాయి. అంతకుముందు పాదాల దగ్గరే ఉండేవి, ఇప్పుడు మోకాళ్ల దాకా దద్దుర్లు. నాన్న లేత్ దగ్గర నిలబడి ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటున్నారని తోటివాళ్లు ఎగతాళి చేశారట. ఇన్నాళ్లూ వాటి ఆకలంతా ఆ పిల్లి తన ఒంటి మీద వేసుకుందని అప్పుడు మాకు అర్థం కాలేదు. నాయనమ్మకు అర్థమైంది.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఆమె తన తెల్లచీర విప్పి పాతది కట్టుకుంది. ఆ తెల్లచీరను ముందుగదిలో నేల మీద పరిచింది. నాన్నను పిలిచి భోషాణం మీదున్న జంపఖానా దించమంది. నాన్న సందేహిస్తూనే దించారు. దాన్ని చీర మీద విప్పి, కర్రతో గట్టిగా కొట్టమంది.

"దేవుడి సొత్తే, కొట్టమంటావేంటి?"

"దేవుడికి దెబ్బ తగల్దులే. కొట్టు."

నాన్న కొట్టారు. దుమ్ము లేచింది. జంపఖానా తీసి చూస్తే చీర మీద ఉప్పు, మిరియాల పొడి కలిపి చల్లినట్టు తెల్లవీ నల్లవీ నలుసులు. మడతల్లో గుప్పెడు బూడిద రంగు వెంట్రుకలు. మేము లేనప్పుడల్లా బూడిదమ్మ పడుకున్నది ఆ మడతల మీదే. కొన్ని నలుసులు మా కళ్లముందే గెంతాయి.

"పిల్లి వెళ్లిపోయిందిగా. మరి ఇవెవరివిరా?" అంది నాయనమ్మ.

ఆమె చెంబులో చెయ్యి ముంచి చీర మీద నీళ్లు చిలకరించింది. నల్లటి నలుసులు ఒక్కొక్కటే తడిసి, వాటి చుట్టూ ఎర్రటి మరకలు పాకాయి. అది వాటి మలమనీ, అవి తాగిన నెత్తురే అలా ఎండి నల్లబడుతుందనీ ఆమె చెప్పింది. తెల్లవి గుడ్లు. శుక్రవారం శుక్రవారం మేము జనం కిందికి పరిచింది వాటినే. కొన్నిటిని వాళ్ల ఇళ్లకు కూడా పంపాం.

నాన్న ఆ ఎరుపు వంక చూస్తూ మోకాళ్ల మీద కూలబడ్డారు. పూర్వం జనం తమ తప్పులన్నీ ఒక మేక నెత్తిన మోపి అడవిలోకి తోలేసేవారని నాయనమ్మ మాకు సండే స్కూల్లో చెప్పింది. ఆ రోజు ఆమె ఆ కథ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. మా నాన్నకు ఆ కథ చిన్నప్పుడు చెప్పింది కూడా ఆమే.

జంపఖానాను పక్కింటి డాబా మీద, గంగాళాల్లో కాచిన నీళ్లు పోసి ఉడికించారు. ఎండలో అటూ ఇటూ తిప్పుతూ బిరుసెక్కేదాకా ఎండబెట్టారు. గచ్చు పగుళ్లను అమ్మ చీపురుపుల్లతో గీకి, దుమ్ము ఎత్తి పొయ్యిలో వేసి, పగుళ్లను సిమెంటుతో పూడ్చింది. ఊడ్చిన ప్రతిసారీ ఆ దుమ్ము పొయ్యిలోకే. గుడ్లలో మిగిలినవి పిల్లలై మళ్లీ కనిపించాయి. మళ్లీ ఊడ్చాం. కొన్ని వారాలకు అవి నిజంగానే పోయాయి. కూటం మా ఇంటికి తిరిగి వచ్చింది. పాల డిపో ఆంటీ అందరికంటే ముందు వచ్చి కూర్చుని, "ఇప్పుడు చూడండి, రాయిలా కూర్చున్నా," అంది. అందరూ మళ్లీ నవ్వారు.

బూడిదమ్మ మాత్రం రాలేదు.

నాన్న పని అయ్యాక తిన్నగా ఇంటికి రావడం మానేశారు. ఊరికి తూర్పున ఉన్న ఆటోనగర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ పడమటి కొసన ఉన్న వన్ టౌన్ దాకా పోయి, గోడౌన్ల సందుల్లో తోపుడుబళ్ల మధ్య బూడిదమ్మా బూడిదమ్మా అని పిలిచేవారట. ఒకసారి నిజంగానే ఒక బూడిద రంగు పిల్లిని చంకన పెట్టుకుని వచ్చారు. చొక్కా చిరిగిపోయింది, మెడ మీద గీతలు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. నాయనమ్మ దాన్ని ఎత్తి చూసింది.

"ఇది మగదిరా," అంది.

అది ఆమె చేతుల్లోంచి దూకి గోడెక్కి పోయింది. నాన్న గుమ్మంలో నిలబడి అది పోయిన వైపు చూశారు. ఆ తరువాత వన్ టౌన్ వెళ్లడం మెల్లమెల్లగా తగ్గింది. ఒకరోజు ఆగిపోయింది. ఏ రోజు ఆగిందో మేమెవరమూ ఆయనను అడగలేదు. గేటు దిమ్మె మీద చూడటం నేను మానేసరికి ఇంకా చాలా కాలం పట్టింది.

నాన్న, నాయనమ్మ ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. నా జుట్టు నెరిసింది. ఇప్పుడు సండే స్కూలు నేను చెబుతున్నాను. సంఘంలో ఏదైనా చిక్కు వచ్చినప్పుడు, ఫలానా మనిషి వెళ్లిపోతే అంతా బాగుపడుతుందని ఎవరైనా అన్నప్పుడు, నా కాళ్లు ఇప్పటికీ దురదపెడతాయి. ఆ మనిషి వంక చూడకుండా, మేమందరం మర్యాద కొద్దీ ముట్టుకోనిది ఏముందా అని గది నలుమూలలా చూస్తాను. తరచూ ఏదో ఒకటి ఉంటుంది. చెబితే వినేవాళ్లు తక్కువ. అప్పటికే సంచి మూతి కట్టేసి ఉంటారు.

చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. పోయినవాటిని తిరిగి ఇమ్మని నేను అడగబోవడం లేదు. అడిగి అడిగి మా నాన్న అలసిపోయారు. ప్రభువా, మేము ఉతకనిది మాకు చూపించు. మా దురదకు ఇంకొకరిని మోయించకుండా మమ్మల్ని ఆపు. మా ఇళ్ల నుంచి సంచుల్లో వెళ్లిపోయినవారు ఎక్కడున్నా, మేము లేని చోట నువ్వుండు.

కళ్లు అప్పుడే తెరవకండి. మీ చేతి కింద ఏమీ కదలడం లేదనీ, లోపలి నుంచి ఎవరూ అరవడం లేదనీ తెలుసుకున్నాకే, ఆమేన్ అందాం.